గరాజ్ నేల, అంచుల గోల

పోయిన వేసవిలో మా గరాజ్ నేలకి నేనే ఎపాక్సీ వేసుకున్నాను. మనిషిని పెడితే వేలల్లో అడిగాడు, కిట్టేమో వందల్లో వచ్చింది. మధ్యలో నేల అద్దంలా కుదిరింది. అంచులే కొంప ముంచాయి. గోడ వారన గీత రంపపు పళ్ళలా వచ్చింది. తలుపు కింద రెండంగుళాల మేర పొర లేచింది.

"ఇంకో కోటు కొట్టెయ్, ఎలాగూ అమ్మేసే ఇల్లేగా" అన్నాడో మిత్రుడు. నిజమే, వచ్చే ఏడాది అమ్మే ఆలోచన ఉంది. నేనూ డబ్బా తెరవబోయాను. మా ఆవిడ ఊరుకుంటేగా! "మనకి అమ్మినాయన బేస్‌మెంటు చెమ్మ మీద రంగేసి అంటగట్టాడని ఎన్ని తిట్లు తిట్టారు?" అంది. డబ్బా మూసేశాను.

పొర లేచిందంటే కింద కాంక్రీటుని పట్టుకోలేదని అర్థం. దాని మీద ఎన్ని కోట్లు వేసినా అన్నీ కలిసి ఊడతాయి. వేడి టైర్లు ఎక్కేదీ, మిషిగన్ చలికాలంలో ఉప్పునీళ్ళు చేరేదీ అక్కడే. వదిలేస్తే లోపలికి పాకుతుంది.

తప్పు నాదే. నేల కడిగి గరుకు చేసినప్పుడు మూలల్లోకి సరిగ్గా వెళ్ళలేదు. రెండు భాగాలూ కలిపాక చిక్కబడే గడియారం మొదలవుతుంది కదా, నేనేమో మధ్యలో రోలర్ తిప్పుకుంటూ అంచులు ఆఖరికి ఉంచాను. టేపు మర్నాడు పీకాను, గట్టిపడ్డ పూతతో సహా వచ్చింది. ఆఫీసులో ఎడ్జ్ కేసుల మీద పిల్లలకి క్లాసులు పీకేది నేనే!

సరే, మరమ్మతు. ఊడేదంతా గట్టి పూత తగిలేదాకా గీకేశాను. చిన్న గ్రైండర్‌కి డైమండ్ కప్ బిగించి కాంక్రీటు అరగదీశాను. సిలికా దుమ్ము ఊపిరితిత్తులకి చేటు, అందుకని రెస్పిరేటర్, వాక్యూమ్ లేకుండా మొదలెట్టొద్దు. నీటిచుక్క వేస్తే ఇంకిపోవాలి. పూసలా నిలిస్తే ఇంకా రుద్దాల్సిందే. చుట్టూ పాత పూతని 80 నంబరు గరుకు కాయితంతో రుద్ది, దుమ్ము తుడిచి, కొత్త టేపు వేశాను. కిట్టులో చెప్పిన పాళ్ళు తప్పకుండా కొంచెమే కలిపి, బ్రష్షుతో పూశాను. ఈసారి పూత తడిగా ఉండగానే టేపు తీసేశాను.

గీత తిన్నగా వచ్చింది. రంగు మాత్రం కలవలేదు, అతుకు తెలిసిపోతోంది. తెలియనీండి. కొనేవాళ్ళు అడిగితే అక్కడ ఏం జరిగిందో చెబుతాను. కొత్తగా వేసుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే, అంచులు ముందు, మధ్య తరవాత.