ఇంటి యంత్రములకొక యాప్



భారతమున అరణ్యపర్వమందు ద్రౌపదీదేవి సత్యభామతో ముచ్చటించుచు, పాండవుల యాదాయవ్యయములన్నియు తానొక్కతెయే యెరిగియుండెడిదానననినది. ఆ ఘట్టము చదివినప్పుడెల్ల మాకు గౌరవముతోపాటు ఒక సందేహమును కలుగుచుండును. ఆమె జ్వరపడిన దినమున ఆ లెక్క లెవరికి తెలియును? నేడు మన యిండ్లలో నీటి మోటారు, గీజరు, ఫ్రిజ్జు, బట్టలుతుకు యంత్రము మొదలగునవి పరిచారకులైనవి. వీని వివరములన్నియు గృహిణి మనస్సునందే యుండుట క్షేమము కాదు.

గత వేసవిలో మా ఫ్రిజ్జు నిలిచిపోయినది. కంప్రెసరునకు పదియేండ్ల వారంటీ కలదని మాకు జ్ఞాపకమే గాని, బిల్లు తీసి చూడగా అది వట్టి తెల్లకాగితమై యున్నది. అంగళ్ళలో నిచ్చు నునుపు కాగితముపై సిరా యుండదు. వేడి తగిలి నల్లబడెడు పూతయే అక్షరములగును. అవి కొంతకాలమునకు వెలిసిపోవును. బిల్లు చూపలేక మరమ్మతు సొమ్మంతయు మేమే యిచ్చుకొంటిమి. బడిపంతులుగారి యింట నది చిన్న మొత్తము కాదు.

మా పొరుగింటి బాలుడొకడు ఇంజనీరింగు చదువుచున్నాడు. మా గోడు విని, "పిన్నిగారూ, బిల్లులు, గడువులు దాచుటకును, మెట్లక్రింది మోటారును ఫోనుతోనే వేసి ఆపుటకును ఒక యాప్ చేసెదను. ఎట్లుండవలెనో మీరే చెప్పుడు" అనెను. అతడు మొదట కంప్యూటరు జోలికి పోలేదు. ఫోనంత కాగితపు ముక్కలు కత్తిరించి, ఒక్కొక్క తెరను పెన్సిలుతో గీసి తెచ్చెను. తప్పులు కాగితముమీదనే బయటపడిన దిద్దుట సులభమట.

మా అత్తగారికి డెబ్బది దాటినవి, మోకాళ్ళ నొప్పి. మోటారునకై దినమునకు రెండుమారులు మెట్లు దిగుట వారికి యాతన. బాలుడు కాగితములు వారి ముందుంచి, "మోటారు ఆపుడు, మామ్మగారూ" అని మిన్నకుండెను. మేము సాయము పోబోగా వారించెను.

మొదటి తెరపై "డివైస్ 1, డివైస్ 2" అని యుండెను. "ఇందులో మన మోటారేది నాయనా?" అనిరి అత్తగారు. ఇంటిలో పిలుచుకొను పేరే తెరపై నుండవలెనని తేలినది. తరువాత ఒక పచ్చని చుక్క. అది మోటారు నడుచుచున్నదని చెప్పుటయా, నడుపుటకు నొక్కుమనుటయా? మాకును తెలియలేదు. "నడుచుచున్నది" అని పైన, "ఆపుము" అని క్రింద, తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయుమంటిమి. వేరొకచోట వ్రేలు పెట్టి, "పాడుచేసితినేమో" నని వారు చేయి వెనుకకు తీసికొనిరి. ప్రతి తెరయందును "వెనుకకు" అను మాట యుండవలయునని బాలుడు వ్రాసికొనెను.

మరునాడు దిద్దిన కాగితములతో వచ్చెను. అత్తగారు తొలి స్పర్శతోనే మోటారు ఆపిరి. మేమందరము సంతోషించుచుండగా వారు మెల్లగా, "ఇది నా ఫోనులో నుండునా, అబ్బాయి ఫోనులోనే యుండునా?" అని యడిగిరి.

బాలుడు తెల్లబోయెను. అతని యేర్పాటున రహస్యసంఖ్య మావారి ఫోనునకే వచ్చును. వారు సాయంత్రము వరకు బడిలో నుందురు. ఇచ్చట తొట్టి పొరలిపోవుచుండగా, ఇంట నున్న యిద్దరమును చూచుచు కూర్చుండవలసినదే! యంత్రముతో పనిచేయువారి చేతిలోనే దాని తాళముండవలెను. మరియు నెట్‌వర్కు లేని వేళకై గోడమీది స్విచ్చును తీయరాదు. ఈ రెండును మొదటి పుటలోనే వ్రాయించితిమి.

యాప్ సిద్ధమగువరకు మనము ఊరకుండ నక్కరలేదు. వస్తువు కొన్న దినముననే బిల్లునకు ఫోటో తీసి, ఇంటిలో నిద్దరి ఫోనులందుంచుడు. ఒక పుస్తకమున కొన్న తేదీ, వారంటీ గడువు, ఫిల్టరు మార్చిన దినము వ్రాయుడు. గ్యాసు గొట్టమును ఐదేండ్లకొకమారు మార్చవలెను. సిలిండరు పట్టీపై "బి-28" అని యున్నచో, దాని పరీక్షగడువు 2028 జూనుతో తీరునని యర్థము. ఏ యనగా మార్చి, సి యనగా సెప్టెంబరు, డి యనగా డిసెంబరు. కరెంటు లెక్కయు కష్టము కాదు. రెండువేల వాట్ల గీజరు అరగంట కాగిన ఒక యూనిట్టు ఖర్చగును.

సోదరీమణులారా, మీ యింటికి ఎవరైన నిట్టి యాప్ తెచ్చినయెడల, దాని సొగసును పొగడుటకు ముందు ఇంటిలోని పెద్దమ్మగారి చేతికిచ్చి చూడుడు. ఆమెకు చేతనైనచో అందరికిని చేతనగును. ఆమె ఫోనులో చేరనిచో, అది యింటికి సగమే చేరినట్లు.