రోడ్డు మీద చావు తలరాత కాదు, లెక్క

 

లెక్కల సారు అంటే మనకు గుర్తొచ్చేది బెత్తం, బోర్డు. ఇంగ్లండ్‌లో రూబెన్ స్మీడ్ అని ఒకాయన ఉండె. గణితం చదివిండు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల నష్టాలు లెక్కగట్టే పని చేసిండు. 1947లో రోడ్డు పరిశోధన సంస్థలో చేరి, 1967లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ట్రాఫిక్ చదువుల ప్రొఫెసర్ అయిండు.

యాక్సిడెంట్ అయితే మనం డ్రైవర్ తప్పంటం, లేకుంటే దేవుడి రాత అంటం. స్మీడ్ 20 దేశాల 1938 నాటి లెక్కలు ముందేసుకున్నడు. జనం ఎంత, బండ్లు ఎన్ని, చావులు ఎన్ని? ఈ మూడింటిని కలిపే సూత్రం 1949లో అచ్చేసిండు. జనం అంతే ఉండి బండ్లు రెండింతలైనా, చావులు నాలుగో వంతే పెరుగుతయని అది చెప్పింది. ఎందుకంటే, చావులు ఒక హద్దు దాటేదాకా సమాజం ఓర్చుకుంటది, దాటినంక ఏదో ఒకటి చేస్తది అని ఆయన అభిప్రాయం.

మరి మన హద్దు ఎక్కడుంది?

సైటు మీద హెల్మెట్ లేనోన్ని గేటు దాటనియ్యం. సేఫ్టీ బెల్ట్ లేకుండా పైకెక్కితే పని ఆపిస్తం. అక్కడ మన హద్దు సున్నా. అదే మనిషి లీవు మీద ఊరికి పోతే బైకు మీద ముగ్గురు, నెత్తి మీద ఏమీ ఉండదు. "పక్క ఊరికే కదా" అంటడు. 2022లో ఇండియా రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయిండ్రు. అందులో హెల్మెట్ పెట్టుకోనోళ్లే 50 వేలు దాటిండ్రు.

"రాసిపెట్టి ఉంటే ఎట్లైనా పోతం" అనేటోళ్లకు ఒక మాట. స్మీడ్ సూత్రం ప్రకారమైతే ఇయ్యాల బ్రిటన్‌లో ఏటా 15 వేల మందికి పైగా పోవాలె. పోయేది 2,000 లోపే. 1967లో తాగి నడిపేటోళ్లను ఊదించి పట్టుకునుడు మొదలుపెట్టిండ్రు, 1983లో ముందు సీట్లోళ్లు బెల్టు పెట్టుకోవాల్సిందే అన్నరు. రోడ్లు, బండ్లు బాగుచేసిండ్రు. ఆయన సూత్రం తప్పింది, ప్రాణాలు మిగిలినయి. నిజంగా రాతే అయితే మారేదా?

అంతా మనోళ్ల మీదనే నెట్టుడు కూడా న్యాయం కాదు. ఊరి నడుమ నుంచి హైవే ఏసి, దాటే దారి ఇయ్యని సర్కారు కూడా జవాబు చెప్పాలె. అడగాలె. కానీ అది అయ్యేదాకా నెత్తి మనదే.

మనం ఎండలో నిలబడి పంపిన పైసలతోనే ఇంటి ముందట ఆ బైకు వచ్చింది. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, పైసలు ముట్టినయా అని అడిగినంక, కొడుకు హెల్మెట్ పెట్టుకుంటుండా అని కూడా అడగండి. లేదంటే ముందు అది కొనమనండి.