పొలిమేర దాటు కిరాయి మోటారులు

మన జగిత్యాల, కోరుట్ల పట్టణములలో వేకువజామున లేచి వీధిలోనికి చూచువారికి ఒక దృశ్యము చిరపరిచితము. ఒక యింటి ముంగిట కిరాయి మోటారు నిలిచియుండును. దానిపై పెద్ద పెట్టెలు త్రాళ్లతో బిగింపబడి యుండును. తల్లి కొంగుతో కన్నులొత్తుకొనుచుండగా కుమారుడు బండి యెక్కును. ఆ బండి శంషాబాదు విమానాశ్రయమునకు, ఆ కుమారుడు దుబాయికో మస్కటుకో పోవుదురు. సిరిసిల్లలోనైనచో మరమగ్గముల పనికై భీవండికి పోవు కుటుంబములు మహారాష్ట్రపు పొలిమేర దాటుచుండును. జగిత్యాల, కోరుట్లల మీదుగా పోవు 63వ జాతీయ రహదారియే ఒక వైపున బోధను దాటి మహారాష్ట్రములోనికి, మరియొక వైపున చెన్నూరు, ప్రాణహిత దాటి అదే మహారాష్ట్రములోని సిరొంచకు పోవుచున్నది. ఇట్టి సీమలో నివసించు మనకు, రెండు రాజ్యముల నడుమ కిరాయి బండ్లను గూర్చి పుట్టు తగవు దూరపు వార్త కాదు. మన యింటి వార్తయే.

ఆ తగవు మన తెలుగువారి నడుమనే పుట్టినది. దాని స్వభావమేమి, న్యాయమెవరి పక్షమున నున్నది, పరిష్కార మెట్లుండవలెను అను విషయములను చదువరుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పొలిమేరలు శాశ్వతములు కావని మన చరిత్రయే చెప్పుచున్నది. నిజాము కాలమున హైదరాబాదు రాజ్యమునకు వేరు నాణెముండెను. సరిహద్దున సుంకపు నాకాలుండెను. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932 జూన్ మాసమున 27 బస్సులతో రోడ్డు రవాణాకు ప్రారంభము చేసినప్పుడు ఆ బస్సులు తిరిగినది ఒక వేరు రాజ్యమునందు. 1956 నవంబరు 1వ తేదీన తెలంగాణము ఆంధ్రతో కలిసి ఒక రాష్ట్రమాయెను. అటుపిమ్మట అర్ధశతాబ్దికి పైగా కరీంనగరము బండి నెల్లూరికి పోయినను, నెల్లూరి బండి జగిత్యాలకు వచ్చినను అడుగువారు లేకపోయిరి. కరీంనగరు జిల్లా బండ్లకు ‘ఏపీ 15’ అను గుర్తు ఉండెడిది. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండాయెను. మన క్రొత్త బండ్లకు ‘టీఎస్’ అను అక్షరములు వచ్చెను; 2024లో అవి ‘టీజీ’ అయ్యెను. కాని పాత ‘ఏపీ 15’ బండ్లు కొన్ని నేటికిని మన వీధులలో తిరుగుచున్నవి.

ఇక చట్టమేమనుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 88వ విభాగము ప్రకారము, ఒక రాష్ట్రములో ఇచ్చిన పర్మిటు వేరొక రాష్ట్రములో చెల్లవలెనన్నచో ఆ రాష్ట్రపు అధికారి దానిపై ప్రతిసంతకము చేయవలెను. రెండు రాష్ట్రములు పరస్పరము ఒడంబడిక చేసికొన్నచో ఈ పని సులభమగును. అఖిల భారత యాత్రికుల పర్మిటు అను మరియొక మార్గమును గలదు. కావున నిన్నటివరకు ఒకే రాష్ట్రములోని రెండు జిల్లాల నడుమ సాగిన ప్రయాణము, 2014 తరువాత రెండు ప్రభుత్వముల అనుమతి కోరు ప్రయాణమైనది. విభజనకు పూర్వమిచ్చిన పర్మిటులను గూర్చి విభజన చట్టములోనే ఏర్పాటు చేయబడినను, పన్నుల తగవు తప్పలేదు. 2015 ఏప్రిల్ 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము ఆంధ్రప్రదేశపు రవాణా వాహనములపై పన్ను గొనసాగెను. పిమ్మట ఆ ప్రభుత్వమును అట్లే చేసెను. రెండింట ఎవరికి లాభము కలిగినదో చెప్పజాలము గాని, ఆ భారము తుదకు ప్రయాణికుని టిక్కెట్టుపై పడెననుట స్పష్టము.

ఇట్టి తగవులు ఎట్లు తీరునో తెలిసికొనుటకు బస్సుల కథ మంచి పాఠము. 2020 మార్చి మాసమున మహమ్మారి వలన బస్సులు నిలిచిపోయెను. అంతకు పూర్వము ఆంధ్రప్రదేశపు ఆర్టీసీ 1,009 బస్సులను తెలంగాణమునకు పంపుచు, దినమునకు సుమారు 2 లక్షల 65 వేల కిలోమీటర్లు మన రాష్ట్రములో నడుపుచుండెను. తెలంగాణ ఆర్టీసీ ఆ రాష్ట్రములో నడుపుచుండినది సుమారు లక్షన్నర కిలోమీటర్లు మాత్రమే. ఈ యసమానతను సవరింపనిదే బస్సులు కదలరాదని మనవారు పట్టుబట్టిరి. వ్యాధిభయము తగ్గి దారులు తెరచుకొన్నను, కిలోమీటర్ల లెక్క తేలక ఆ రెండు రాష్ట్రముల నడుమ ప్రభుత్వపు బస్సు కదలలేదు. దసరా పండుగకు ఊరికి పోవలెనన్న కూలివాడు సరిహద్దు వరకొక బండి, అచ్చట దిగి మూట నెత్తిన బెట్టుకొని నడచి, ఆవల మరియొక బండి యెక్కవలసి వచ్చెను. తుదకు 2020 నవంబరు 2వ తేదీన ఒడంబడిక కుదిరినది. దాని ప్రకారము తెలంగాణ ఆర్టీసీ 826 బస్సులతో ఆంధ్రప్రదేశములో 1,61,258 కిలోమీటర్లును, ఆంధ్రప్రదేశపు సంస్థ 638 బస్సులతో తెలంగాణములో 1,60,999 కిలోమీటర్లును నడుపవలెను. ఆ రాత్రియే బస్సులు కదలెను.

ఈ ఒడంబడికలో మనవారి కోరిక న్యాయమైనదే. ఇరువురు సమానముగా నడుపుకొనుట ధర్మము. కాని గమనింపవలసిన విషయమొకటి యున్నది. బస్సులు రెండు పెద్ద సంస్థలవి. వాటి తరపున మాటలాడుటకు అధికారులున్నారు, లెక్కలున్నవి, వేచియుండుటకు శక్తియున్నది. ఒక్క కారును అప్పు చేసి కొని, నెలనెల కిస్తీ కట్టుకొను డ్రైవరుకు ఇవి యేవియు లేవు. వానికి ఏడు నెలలు కాదు, ఏడు దినములు బండి నిలిచినను పొయ్యి వెలుగదు.

అట్టివారి తగవే 2024లో హైదరాబాదులో పైకి వచ్చెను. విభజన చట్టము ప్రకారము ఆ నగరము పదియేండ్లు ఉభయ రాష్ట్రములకును రాజధానిగా నుండెను. ఆ గడువు 2024 జూన్ 2వ తేదీతో ముగిసినది. అంతట తెలంగాణములోని టాక్సీ డ్రైవరులు, ఆంధ్రప్రదేశములో రిజిస్టరైన కారులు ఇక నగరములో కిరాయిలకు తిరుగరాదనిరి. ఆ కారుల డ్రైవరులు తమ్ము అడ్డగించుచున్నారని మొరపెట్టుకొని, ఆ యేడు ఆగస్టు మాసమున ఆంధ్రప్రదేశపు ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారిని ఆశ్రయించిరి. ఆయన సానుభూతితో చూడుమని తెలంగాణపు డ్రైవరులను కోరెను.

ఇరుపక్షముల వాదమును నిష్పక్షపాతముగా విందము. మన డ్రైవరు ఇట్లనును: “నేను ఈ రాష్ట్రమునకు పన్ను కట్టుచున్నాను. కిరాయిలు నానాటికి తగ్గుచున్నవి. వేరొక రాష్ట్రమునకు పన్ను కట్టిన బండి వచ్చి, మా నగరములో ఈ పేట నుండి ఆ పేటకు ప్రయాణికుని దింపుచు నా కూడు పంచుకొనుట న్యాయమా?” ఆవలివాడిట్లనును: “నేను ఈ నగరమునకు వచ్చునాటికి ఇది నా రాజధాని. నా బిడ్డలు ఇచ్చటనే చదువుచున్నారు. ఒక తేదీ మారినంత మాత్రమున నేను పరాయివాడ నెట్లయితిని?” ఇద్దరి మాటయు సత్యమే. ఇద్దరును పేదవారే. ఇద్దరికిని కిరాయి కుదుర్చునది సెల్‌ఫోను మూలమున వ్యాపారము చేయు కంపెనీ; అది ఇద్దరి సంపాదనలోను వాటా గొని, తగవులోనికి మాత్రము రాదు.

ఇచ్చట మనము రెండు పనులను వేరుచేసి చూడవలెను. ప్రయాణికుని ఒక రాజ్యము నుండి మరియొక రాజ్యమునకు చేర్చి, తిరిగి తన దారి పట్టుట ఒక పని. పరరాజ్యములోనే దినమెల్ల నిలిచి అచ్చటి కిరాయిలు తిప్పుట వేరొక పని. మొదటిది ప్రయాణము, రెండవది స్థానిక వ్యాపారము. ఈ రెండును కలిపి మాటలాడుటచేతనే తగవు ముదురుచున్నది.

లోకములో ఇతరులును ఈ భేదమును పాటించుచున్నారు. సింగపూరు, మలేషియా దేశముల నడుమ నడుచు అనుమతి గల టాక్సీలకు, మలేషియా వైపున జొహోర్ బారులో ఒక స్టాండు, సింగపూరు వైపున ఒక స్టాండు చిరకాలముగా నిర్ణయింపబడియుండెను. ఈ కట్టడి మిక్కిలి బిగువైనందున, ఇంటి ముంగిటనే దిగవలెనని కోరు ప్రయాణికులు అనుమతి లేని కారుల నాశ్రయించిరి. 2025లో సింగపూరు అధికారులు అట్టి కారులను పట్టి స్వాధీనపరచుకొనవలసి వచ్చెను. కట్టడి అవసరమే, కాని ప్రయాణికుని అవసరమును గుర్తింపని కట్టడి దొంగదారిని పెంచును. మరియొక దృష్టాంతము: బంగ్లాదేశము, భూటాను, భారతము, నేపాలము కలిసి 2015 జూన్ 15వ తేదీన థింపూ నగరమున మోటారు వాహనముల ఒడంబడికపై సంతకములు చేసినవి. అయినను 2016 నవంబరులో భూటాను పార్లమెంటులోని జాతీయ మండలి దాని నంగీకరింపలేదు. పెద్ద దేశపు బండ్లు లెక్కకు మించి వచ్చినచో తమ చిన్న దేశపు డ్రైవరుల గతి యేమని వారు భయపడిరి. ఆ భయమును పరిహసింపరాదు. మన హైదరాబాదు డ్రైవరు భయమును అట్టిదే.

అయినచో కర్తవ్యమేమి? నా యభిప్రాయమున మూడు పనులు జరుగవలెను.

మొదటిది: దాటిపోవు కిరాయి బండికి దారి సులభము కావలెను. ఏటికొకసారి ఒకే రుసుము చెల్లించినచో ఉభయ రాష్ట్రములలో చెల్లు ఒకే పర్మిటు ఉండవలెను. లారీల యజమానులు ఇట్టి కోరికను చాలకాలముగా కోరుచున్నారు. టాక్సీలకును అది వర్తింపవలెను. విజయవాడకు రోగిని గొనిపోయిన జగిత్యాల బండి అచ్చట దొంగవలె దాగనక్కర లేకుండవలెను.

రెండవది: నగరములో స్థిరపడినవారికి గడువు ఈయవలెను. ఒక రాష్ట్రములో రిజిస్టరైన బండిని మరియొక రాష్ట్రములో పండ్రెండు మాసములకు మించి ఉంచినచో క్రొత్త రిజిస్ట్రేషను గుర్తు తీసికొనవలెనని చట్టములోని 47వ విభాగము చెప్పుచున్నది. కావున పరరాష్ట్రపు గుర్తుతో ఎల్లకాలము నగరములో తిరుగుట చట్టసమ్మతము కాదు. కాని గుర్తు మార్చుకొనుట మాటలలో ఉన్నంత సులభము కాదు. సొంత రాష్ట్రపు అధికారి నుండి అభ్యంతరము లేదను పత్రము తేవలెను. అప్పిచ్చినవాని సమ్మతి కావలెను. క్రొత్త రాష్ట్రమునకు పన్ను కట్టవలెను. అందుచే ఒక సంవత్సరము గడువిచ్చి, పాత రాష్ట్రమునకు ముందుగా కట్టిన పన్నులో మిగిలిన కాలపు భాగమును లెక్కలోనికి తీసికొన్నచో, వారును ఇచ్చటి డ్రైవరులతో సమానముగా ఈ రాష్ట్రమునకే పన్ను కట్టువారగుదురు. అప్పుడు మనవారి ఆక్షేపణకు మూలమే యుండదు. గడువు దాటినను మార్చుకొననివానికి నగరపు కిరాయి ఈయరాదను నిబంధనను, సెల్‌ఫోను మూలమున బండ్లు కుదుర్చు కంపెనీలపై ఉంచవలెను.

మూడవది: తనిఖీ చేయువాడు రవాణా అధికారియే కావలెను. ఒక డ్రైవరు మరియొక డ్రైవరును నడివీధిలో నిలిపి, బండి అద్దముపై గొట్టి, లోనున్న ప్రయాణికుని దింపివేయుట ఏ చట్టమును ఒప్పుకొనదు. పైగా అక్షరములను చూచి మనుష్యుని నిర్ణయించుట ఎంత పొరపాటో మన ‘ఏపీ 15’ బండ్లే సాక్ష్యము చెప్పును.

“ఉద్యోగములకొరకే గదా మనము వేరు రాష్ట్రము కోరితిమి, మన యువకుల కూడు ఇతరులకు పెట్టుట యెందుకు?” అని కొందరడుగుదురు. ఈ ప్రశ్న తేలికయైనది కాదు. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల తలిదండ్రులు దీనికి ప్రత్యుత్తరము ఇతరులకంటె బాగుగ నెరుగుదురు. సౌదీ అరేబియాలో 2011లో ‘నితాఖాత్’ అను విధానము ప్రారంభమై, స్వదేశీయులకు ఉద్యోగములు కేటాయింపబడినప్పుడు, ఏండ్ల తరబడి అచ్చట చెమటోడ్చిన మనవారెందరో చిన్నబోయిన మొగములతో తిరిగివచ్చిరి. ఆ దేశమునకు తన పౌరులకు పని చూపు హక్కు లేదని మనము అనలేదు. కొంత గడువు, కొంత దయ, పత్రములు సరిచేసికొను అవకాశము కావలెనని మాత్రమే అడిగితిమి. మన బిడ్డల కొరకు పరదేశమునందు ఏది అడిగితిమో, దానిని మన రాజధానిలో ఇతరుల బిడ్డలకు కాదనుట ఎట్లు?

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇట్టి బండ్లను నడుపుదురు; కొందరు వాటిలో ప్రయాణము చేయుదురు; ఒకరిద్దరు పర్మిటులపై సంతకము చేయు అధికారులును కావచ్చును. పొలిమేర రాయి భూమిని విభజించుటకు నాటబడినది. దానిని దాటువాని బండిని తనిఖీ చేయుడు, పన్ను గొనుడు, నియమము తప్పినచో జరిమానా వేయుడు. కాని వానిని శత్రువుగా చూడకుడు. నేటి వేకువ మన వీధిలో పెట్టెలు కట్టుకొని బయలుదేరిన బండి, ఏదో ఒక పొలిమేర వద్ద, వేరొకని మన్నన కోరుచు నిలువవలసినదే గదా.