పెన్న నుంచి ఉదయగిరికి... సైకిలెక్కి!

నెల్లూరంటే వరిచేలు, చేపల పులుసు అనే అనుకుంటాం. పడమర దిక్కుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్తే మాగాణి, మెట్ట, కొండ... మూడూ ఒక్కరోజులోనే కనిపిస్తాయి. అయితే ఈ దారుల్లో కిలోమీటర్ల కన్నా ముందు లెక్క చూసుకోవాల్సింది ఒకటుంది. అదే... నీళ్లు!

ఒకప్పుడు ఇంట్లో సైకిలుంటే అదో గొప్ప. పెళ్లికొడుకులు కట్నంలో సైకిలు అడిగేవారు. తర్వాత స్కూటర్లు, మోటారు సైకిళ్లు వచ్చాయి. పాపం సైకిలు గోడకు చేరింది. ఇప్పుడు మళ్లీ దానికి మంచిరోజులొచ్చాయి. డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు గేర్ల సైకిళ్లు కొని ఆదివారం తెల్లవారకముందే రోడ్డెక్కుతున్నారు.

నెల్లూరు జిల్లాకు సైకిలు కొత్తేం కాదు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభ సభ్యుడయ్యాక పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్లేవారు. హోదాకూ సైకిలుకూ సంబంధం లేదని ఆయన ఏనాడో తేల్చేశారన్నమాట.

దూరాలు తొక్కే సరదా ఉన్నవాళ్లకు ‘బ్రెవే’ అనే మాట తెలిసే ఉంటుంది. ఫ్రాన్సులో పుట్టిన పద్ధతి ఇది. ఇది పందెం కాదు, ఫస్టు ప్రైజులుండవు. గడువులోగా పూర్తిచేస్తే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు... ఇలా సాగుతుంది లెక్క. వీటన్నిటికీ పెద్దన్న 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్. అందులో 1200 కిలోమీటర్లను 90 గంటల్లో తొక్కాలి. అంత దూరం మనకెందుకు గానీ, నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లివస్తే దాదాపు 200 కిలోమీటర్లవుతుంది. అంటే బ్రెవేలో మొదటి మెట్టుకు సమానమైన దారి మన గుమ్మంలోనే ఉంది. అయితే తొలిరోజే అంత సాహసం వద్దు. చిన్న దారితో మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు... సంగం

నెల్లూరులో పెన్న దాటి, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా సంగం సుమారు 35 కిలోమీటర్లు. చదునైన దారి. కొత్తగా సైకిలు కొన్నవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. రోడ్డుకు రెండువైపులా వరి మళ్లు, మధ్యమధ్యలో కాలువలు, గట్ల మీద తాటిచెట్లు. ఈ పచ్చదనానికి మూలం సంగమే. అక్కడ పెన్నకు అడ్డుకట్ట వేసి మళ్లించిన నీళ్లే కనిగిరి రిజర్వాయరు నిండేలా చేస్తాయి. అక్కడి నుంచి కాలువల్లో పారి డెల్టాను తడుపుతాయి. పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. దానిమీద వంతెన కూడా ఉంది. వచ్చిన దారినే తిరిగి వెళ్లడం ఎందుకనుకునేవాళ్లు వంతెన దాటి పొదలకూరు వైపు వెళ్లొచ్చు. పొదలకూరు అంటే నిమ్మకాయలు. మార్కెట్‌కు పెట్టింది పేరు. దాహమేస్తే ఇంకేం కావాలి!

ఒక్క జాగ్రత్త. నెల్లూరు-ఆత్మకూరు రోడ్డు 67వ నంబరు జాతీయ రహదారి. అది కృష్ణపట్నం ఓడరేవు దాకా వెళ్తుంది కాబట్టి లారీల రద్దీ ఎక్కువ. వెనుక ఎర్రలైటు లేకుండా తెల్లవారుజామున ఈ రోడ్డెక్కకూడదు. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కడం అసలే పనికిరాదు.

పెన్న కొండను చీల్చిన చోట

రెండో దారి సోమశిలకు. ఆత్మకూరు దాకా వెళ్లి, అక్కడి నుంచి అనంతసాగరం వైపు తిరగాలి. ఇక్కడి నుంచి లారీల హోరు తగ్గుతుంది. ఎదురుగా వెలిగొండలు నీలంగా కనిపిస్తుంటాయి. ఆ కొండలను చీల్చుకుని పెన్న మైదానంలోకి దిగే చోటే సోమశిల. అక్కడే 78 టీఎంసీల జలాశయం కట్టారు. సంగంలో కాలువై పారే నీళ్లకు సోమశిలే పుట్టిల్లని ఇక్కడికొచ్చాకే తెలుస్తుంది. నెల్లూరు నుంచి రానూపోనూ కాస్త ఎక్కువ దూరమే. ఆత్మకూరు దాకా కారులోనో బస్సులోనో వచ్చి, అక్కడి నుంచి తొక్కితే కుటుంబంలో కాలేజీ పిల్లలు కూడా కలిసి రావచ్చు.

కావలి నుంచి కొండాపురం

ఇక మూడోది. కావలి రైల్వేస్టేషన్లో దిగి పడమరకు తిరిగితే జలదంకి దాటగానే నేల రంగు మారుతుంది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వస్తుంది. వరి పలచబడి కంది, మినుము, పొగాకు కనిపిస్తాయి. కలిగిరిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. చలికాలంలో వెళ్తే దారి పక్కన బ్యారన్లలో ఆకు కాలుతున్న ఘాటైన వాసన తగులుతుంది. కలిగిరి నుంచి కొండాపురం వైపు రోడ్డు చిన్న చిన్న ఎత్తుపల్లాలతో సాగుతుంది. ఎక్కేటప్పుడు కాస్త రొప్పు, దిగేటప్పుడు హాయి. వాహనాలు తక్కువ. మేకల మంద అడ్డొస్తే ఆగాలి, అంతే.

కలిగిరి మండలంలోనే ఉంది దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఇక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాలు నేర్చుకున్న మహిళలు వేలల్లో సైకిలు కూడా నేర్చుకున్నారు. చదువు ఒకచోట సారా కుండ పగలగొట్టింది, మరోచోట సైకిలెక్కించింది!

రాయలు వేయించిన దారి

నెల్లూరు నుంచి వచ్చినా, కావలి నుంచి వచ్చినా చివరి మజిలీ ఉదయగిరి. ఊరి వెనుకే 3,079 అడుగుల కొండ, దానిమీద కోట. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది. కోటకు చేరే దారులు అంత ఇరుకు. బండరాళ్లు పగలగొట్టించి వెడల్పాటి బాట వేయించాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. 1514లో కోట దక్కింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపీకి తీసుకెళ్లి ఆలయం కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

సైకిలు కొండ కిందే ఆగిపోతుంది. పైకి కాలినడకే. వంద కిలోమీటర్లు తొక్కొచ్చిన కాళ్లతో ఆ పని పెట్టుకోవద్దు. ఊళ్లోనే చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల పనితనం చూస్తూ సేదతీరొచ్చు. అడవి కలపతో చేసే ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రాత్రికి ఆగగలిగితే మర్నాడు సీతారామపురం మీదుగా భైరవకోన చేరుకోవచ్చు. అక్కడ కొండరాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం ఉన్నాయి.

గాలి మాట వినాలి

ఈ దారుల్లో కొండ కన్నా గాలే ఎక్కువ కష్టపెడుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. పడమరకు వెళ్లేటప్పుడు వెనుక నుంచి తోస్తుంది. ‘అబ్బో, ఎంత వేగం!’ అని మురిసిపోతాం. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురొస్తుంది. అందుకే వెళ్లడానికి నాలుగు గంటలు పడితే, రావడానికి అయిదున్నర వేసుకోవాలి. జూన్, జులైల్లో ఇది తిరగబడుతుంది. వేడి పడమటి గాలి ముఖం మీద కొడుతుంది. ఆ నెలల్లోనూ, అంతకుముందు రోహిణి ఎండల్లోనూ ఇటు రాకపోవడమే మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. జనవరి, ఫిబ్రవరి నెలలే అసలైన కాలం.

మరో శత్రువు ముల్లు. సర్కారు తుమ్మ, పల్లేరుకాయలు రోడ్డు అంచుల్లో కాచుకునుంటాయి. పంక్చరు వేసే షాపు ఆదివారం తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. రెండు ట్యూబులు, చిన్న పంపు వెంట ఉండాల్సిందే.

లీటరంటే కిలో!

ఇక అసలు సంగతి. ఎండలో సైకిలు తొక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా నీళ్లు కావాలి. చెమట ఎక్కువ పోస్తే ఇంకాస్త. సంగం దాకా ఈ లెక్క గుర్తుండదు. ఎటు చూసినా నీళ్లే. కొండాపురం, వరికుంటపాడు, ఉదయగిరి వైపు వెళ్లేకొద్దీ కాలువలు ఉండవు, చెరువులు ఎండి ఉంటాయి. దారి పక్కన బోరు కనిపించినా తొందరపడి తాగకూడదు. ఉదయగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఊళ్లున్నాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఒక్కరోజు తాగితే మనకేమీ కాకపోవచ్చు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకే పళ్లు గారపడతాయి, కీళ్లు పట్టేస్తాయి, నడుము వంగుతుంది. అందుకే ఈ ఊళ్లలో తాగునీళ్లంటే ప్లాంటు నుంచి కొని తెచ్చుకునే క్యాన్లే.

సైకిలు తొక్కేవాళ్లు ఆ ప్లాంటు దగ్గరే ఆగి డబ్బులిచ్చి సీసాలు నింపుకోవడం పద్ధతి. ఎవరింటి ముందైనా ఆగి అడిగితే కాదనరు. చెంబుతో తెచ్చిస్తారు, మజ్జిగ కూడా ఇస్తారు. కానీ ఆ చెంబెడు నీళ్లు వాళ్లింటికి ఎలా వచ్చాయో గుర్తుంచుకోవాలి. సగం తాగి, మిగతావి ముఖం మీద కుమ్మరించుకోవడం అక్కడ కుదరదు.

లీటరు నీళ్లంటే కిలో బరువు. రెండు సీసాలు తగిలించుకుని ఉదయగిరి మిట్ట ఎక్కేటప్పుడు ఆ బరువు కాళ్లకు తెలుస్తుంది. అదే రోడ్డు మీద ఇరవై లీటర్ల క్యానును పాత సైకిలు క్యారియరుకు కట్టుకుని ఇంటికి తొక్కే మనిషి ఎదురుపడతాడు. అతనికి గేర్లుండవు, హెల్మెట్టు ఉండదు. ఆయనకు దారివ్వండి. ఆ మిట్ట మీద అందరికన్నా ఎక్కువ బరువు లాగుతున్నది ఆయనే.