బెడ్‌ఫర్డ్‌కు ఒక రోజు ప్రయాణము



2019 జూన్ నెలలో మేమిద్దరము లండన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంట్లో ఉన్నాము. కాన్పు అయిన ఇల్లు గనుక వంటింటికీ ఉయ్యాలకూ మధ్యనే ఆరు వారాలు గడిచిపోయాయి. ఒక శుక్రవారం అల్లుడు సెలవు పెట్టి, "ఈ రోజు పాపను మేము చూసుకుంటాము, మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్ళి రండి. రాణిగారి కోట చూస్తారా?" అన్నాడు. మేము బెడ్‌ఫర్డ్ అన్నాము. అతడు నవ్వాడు. ఇండియా నుండి వచ్చినవాళ్ళు ఆ ఊరి పేరు చెప్పగా తానెన్నడూ వినలేదట.

యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బన్యన్ ఊరు అది. సండే స్కూలు గోడమీద, వీపున మూటతో నడిచే క్రైస్తవుని బొమ్మ చూస్తూ పెరిగిన వాళ్ళము. ఆ మూట ఎప్పుడు రాలిపడుతుందా అని చిన్నప్పుడు దిగులుపడిన సంగతి మాకింకా జ్ఞాపకమే.

సెయింట్ పాంక్రాస్ స్టేషనులో బండి ఎక్కితే బెడ్‌ఫర్డ్ రమారమి ఎనభై కిలోమీటర్లు. బండి అక్కడితో ఆఖరు కాబట్టి దిగవలసిన చోటు తప్పుతుందన్న భయం లేదు. దిగిన తరువాతనే తికమకపడ్డాము. అల్లుడు కాగితం మీద గీసి ఇచ్చిన దారిని మేము తలక్రిందులుగా పట్టుకున్నట్టున్నాము. ఒక వీధి మొదట అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉండగా, కూరల సంచితో పోతున్న ఒక పెద్దావిడ ఆగి, ఎక్కడికి వెళ్ళాలని అడిగింది. దారి చెప్పి ఊరుకోలేదు, సంచి చేయి మార్చుకుని మాతో కూడ నడిచింది. 1950లలో ఆ ప్రాంతపు ఇటుకల ఫ్యాక్టరీలలో పని చేయడానికి ఇటలీ నుండి చాలామంది వచ్చారు. ఆవిడ తండ్రి వారిలో ఒకడట. "మా నాన్న దిగిన రోజున ఆయనకు ఈ ఊళ్ళో దారి చెప్పిన మనిషి లేడు" అన్నది. ఆవిడ కతోలిక సంఘస్థురాలు. పుట్టి పెరిగిన ఊరే అయినా బన్యన్ మ్యూజియం లోపల ఎన్నడూ అడుగు పెట్టలేదని చెప్పి, గుమ్మం దగ్గర మమ్మల్ని వదిలి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. తన దారి అటు కాదని అప్పుడు గాని మాకు తెలియలేదు.

మిల్ స్ట్రీట్‌లోని ఆ మందిరానికి కంచు తలుపులున్నాయి. వాటి మీద యాత్రికుని ప్రయాణములోని ఘట్టాలు పది పలకలుగా పోతపోసి ఉన్నాయి. ప్రక్కనే మ్యూజియం. బన్యన్ గిన్నెలకు మాట్లు వేసుకుని బ్రతికిన మనిషి. అనుమతి లేకుండా వాక్యం చెప్పాడని 1660లో పట్టుకున్నారు. ఇక బోధించనని ఒక్క మాట ఇస్తే వదిలేసేవారే. ఆయన ఇవ్వలేదు. పన్నెండేళ్ళు చెరసాలలో గడిచాయి. ఇంటి దగ్గర నలుగురు పిల్లలు, పెద్దపిల్ల మేరీ పుట్టుగ్రుడ్డిది. లోపల కూర్చుని బూట్ల లేసులకు కొనలు బిగించి, అవి అమ్మించి ఇల్లు నడిపాడట. ఆ మేరీ తండ్రికి సూపు తెచ్చేదని చెప్పే మట్టి జాడీ ఒకటి అక్కడ ఉన్నది. మా ఇద్దరిలో ఒకరు ఆ జాడీ దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. చెరసాల అధికారి ఒకడు ఆయనను నమ్మి, కొన్నిసార్లు బయటికి వెళ్ళి రానిచ్చేవాడు. ఆ సంగతి పైవారికి తెలిసి అతని ఉద్యోగానికే ముప్పు వచ్చినదని బన్యనే వ్రాసుకున్నాడు. అతని మీద ఒక ప్రసంగం చెప్పవచ్చు గాని, ఇంతవరకు ఎవరూ చెప్పగా మేము వినలేదు.

ఊరి నడుమ 1874లో నిలబెట్టిన బన్యన్ విగ్రహం చూశాము. కాళ్ళ దగ్గర తెగిన సంకెల. అక్కడితో తిరిగి వచ్చి ఉంటే బాగుండేది. కాని ఆయన బాప్తిస్మము పొందిన ఎల్‌స్టో గ్రామం దగ్గరే గదా అని నడక సాగించాము. మాలో ఒకరికి షుగరు వ్యాధి (ఎవరికో చెప్పడం అనవసరం). ఉదయం మాత్ర వేసుకున్నాము. అమ్మాయి కట్టి ఇచ్చిన పులిహోర సగం తిని, తక్కినది తరువాత చూద్దామన్నాము. ఎప్పుడూ సంచిలో ఉండే చాక్లెట్లు ఆ రోజు బల్లమీద మరచిపోయాము. తప్పంతా మాదే.

తిరుగు ప్రయాణంలో లూటన్ దాటిన తరువాత బండి పొలాల మధ్య ఆగిపోయింది. అప్పుడు మొదలైంది. ముందు చెమట, తరువాత చేతులు వణకడం, ఆపైన మాట ముద్దగా రావడం. సంచిలో వెదికితే పులిహోర డబ్బా లేదు. ఎల్‌స్టోలో కూర్చున్న బెంచీ మీదనే ఉండిపోయింది. రెండోవారికి ఆ క్షణంలో ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రాలేదు. "షుగర్, షుగర్" అని మాత్రం గట్టిగా అనగలిగాము. తలలు ఇటు తిరిగాయి.

ఎదుటి సీటులో తలకు ముసుగు వేసుకున్న ఒక ముస్లిం యువతి ఉన్నది. ప్రక్కన నాలుగేళ్ళ కొడుకు. వాడు జ్యూస్ డబ్బాకు అప్పుడే పుల్ల గ్రుచ్చుకుని ఒక గుక్క తాగాడు. ఆమె వాడి చేతిలోనుండి అది తీసి మా చేతికిచ్చింది. వాడు బోరుమన్నాడు. ఆమె వాడిని చూడనైనా చూడలేదు. మా పెదవుల దగ్గర పుల్ల పట్టుకుని, తాగమని మెల్లగా చెబుతూనే ఉన్నది. వెనుకనుండి చేతులనిండా పచ్చబొట్లున్న ఒక కుర్రవాడు చాక్లెట్ తెచ్చి ఇచ్చాడు. మామూలుగా ఐతే అటువంటి వాడి ప్రక్కన మేము కూర్చునేవాళ్ళము కాము. బండి కదిలేసరికి వణుకు తగ్గింది. పిల్లవాడు ఇంకా వెక్కుతూనే ఉన్నాడు. డబ్బు ఇవ్వబోతే ఆ తల్లి చేతులు అడ్డం పెట్టింది. సెయింట్ ఆల్బన్స్‌లో వాళ్ళు దిగిపోయారు. ఆ కుర్రవాడు మాత్రం సెయింట్ పాంక్రాస్‌లో మాతో దిగి, అల్లుడు వచ్చేవరకు, అంటే నలభై నిమిషాలు, మా సంచి పట్టుకుని నిలబడ్డాడు. అతడు వెళ్ళవలసినది ఇంకా ముందుకట.

"వాళ్ళ పేర్లేమిటి?" అని రాత్రి అమ్మాయి అడిగింది. మేము అడగలేదు. మెలితే ద్వీపములో చలికి వణికే పౌలుకు నిప్పు రాజబెట్టినవారి పేర్లు లూకా కూడ వ్రాయలేదని ఏదో సర్దిచెప్పాము. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకు కారణం పేర్లు కావు.

చాలా ఏళ్ళ క్రితం మాట. విజయవాడ నుండి విశాఖపట్నం వెళ్తున్నాము. ఎండాకాలం. తలుపు దగ్గర నేలమీద కూర్చున్న ఒక స్త్రీ, ఒళ్ళో బిడ్డతో, కాసిని మంచినీళ్ళు ఇవ్వమని అడిగింది. మా ఫ్లాస్కు నిండుగా ఉన్నది. ఆమె ఆపకుండా దగ్గుతున్నది. మా గ్లాసు ఆమె తాకుతుందని సంకోచించి, నీళ్ళు లేవన్నాము. కాసేపటికి, సామర్లకోట దాటాక, ఆమె చూస్తుండగానే మూత తీసి తాగాము కూడా. ఈ సంగతి మేమిద్దరము ఒకరితో ఒకరము ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ రాత్రి చీకటిలో ఒకరు, "ఆ ఫ్లాస్కు జ్ఞాపకమున్నదా?" అన్నారు. రెండోవారు ఉన్నదన్నారు.

ఇప్పుడు రైలు ఎక్కినప్పుడల్లా సంచిలో రెండు జ్యూస్ డబ్బాలు పెట్టుకుంటున్నాము. ఒకటి మా కొరకు. రెండోది ఇంతవరకు ఎవరూ అడగలేదు. తేదీ దాటగానే తీసి కొత్తది పెడుతున్నాము.