బండెక్కే ముందు కాస్త నడవండి

“హనోయ్‌లో ఏముందిరా? సిటీ చూడాలంటే మన అమీర్‌పేట లేదా?” ఈమధ్య బైకర్లు నలుగురు చేరినచోట ఓ సీనియర్ కుర్రాళ్లకు చేసిన ఉపదేశమిది. విమానం దిగాలట, ఆ రాత్రికే ఉత్తర వియత్నాం కొండల్లోని హా జియాంగ్‌కు స్లీపర్ బస్సెక్కాలట, తెల్లారేసరికి బండి మీద ఉండాలట. కుర్రాళ్లు తలలూపారు. ఒకడైతే ఫోన్లో రాసుకున్నాడు కూడా. నాకు ఒళ్లు మండింది.

ఆయనొక్కడే అన్నా పోనీలే అనుకుందును. హైదరాబాదైనా విశాఖైనా బైకు గ్యాంగులన్నిటిదీ ఇప్పుడిదే పాట. కొండలే అసలు సరుకు, ఊరు దండగ!

అయ్యా, వియత్నాంలో బండ్లు కుడివైపు నడుస్తాయి. ఈ సంగతి బుర్రకు తెలుసు, మెడకు తెలియదు. రోడ్డు దాటాలంటే మనం ఊహ తెలిసినప్పటి నుంచి ముందు కుడికే చూస్తున్నాం. అక్కడ ముందు ఎడమకు చూడాలి. హోవాన్ కియెమ్ చెరువు ఉత్తరపు కొసన ఫౌంటెన్ ఉన్న చౌరస్తాలో నిలబడితే ఈ పాఠం ఉచితం. స్కూటర్లు ఏటి వరదలా వస్తూనే ఉంటాయి. దాటేవాడు ఆగకూడదు, పరిగెత్తకూడదు. ఒకే నడకన పోతే బండ్లే పక్కకు తప్పుకుని పోతాయి. సగందాకా వెళ్లి వెనక్కి గెంతినవాడికే తగులుతుంది దెబ్బ. రెండు పూటలు ఇలా కాలినడకన తిరిగితే ఎవడు ఎటునుంచి వస్తాడో ఒంటికి పడుతుంది. తిరగనివాడు హా జియాంగ్ కొండల్లోని మా పి లెంగ్ కనుమ మీద, ఎదురుగా పురుగు కూడా లేని మలుపులో, అలవాటు కొద్దీ ఎడమకు జరుగుతాడు. అప్పుడే లారీ వస్తుంది. పక్కన లోయ.

ఇంకో తమాషా ఉంది. హనోయ్‌లోనే ఎర్రనది మీద 1902లో ఫ్రెంచివాళ్లు తెరిచిన లాంగ్ బియెన్ వంతెన మీద మాత్రం ఎడమవైపే నడపాలి, మనలాగే! మధ్యలో రైలు పట్టాలు, రెండు అంచులా స్కూటర్లు, సైకిళ్లు. 1967లోనూ 1972లోనూ అమెరికా విమానాలు దాని మీద బాంబులు కురిపించాయి. గట్టు మీద నుంచి చూస్తే కొన్నిచోట్ల పాత ఇనుప కమానులు ఎత్తుగా లేచి ఉంటాయి, కొన్నిచోట్ల తర్వాత అతికిన భాగాలు చదునుగా కనిపిస్తాయి. బండి పిచ్చి ఉన్నవాడు చూడాల్సిన వంతెన అది. మన సీనియర్ బస్సులో గురకపెడుతూ ఊరు దాటేసి ఉంటాడు.

టైం లేదంటారు. పొరపాటున ఒక రాత్రి ఆగారా, ఈ టైం లేనివాళ్లే తా హియెన్ వీధిలో ప్లాస్టిక్ స్టూళ్ల మీద అర్ధరాత్రి దాకా బియా హోయ్ అనే బీరు గ్లాసులు దించుతారు. 2020 నుంచి ఆ దేశంలో బండి నడిపేవాడి ఊపిరిలో మద్యం జాడ దొరికితే చాలు, నేరమే. ఇంతవరకు పర్లేదన్న హద్దు లేదు. పొద్దున్నే మత్తు దిగకుండా క్లచ్ పట్టే మొనగాళ్లు ఊరు దండగంటే నవ్వొస్తుంది.

తిండి గోల సంగతీ చెప్పాలి. అంతా పంది, గొడ్డు మాంసమేనని వణికిపోయి పులిహోర పొట్లాలు మోస్తారు. ‘చాయ్’ అని బోర్డున్న శాకాహార హోటళ్లు హనోయ్‌లో ఉన్నాయి. అమావాస్యకూ పున్నమికీ మాంసం ముట్టనివాళ్లు అక్కడా బోలెడుమంది. ఊళ్లో అడుగుపెట్టనివాడికి ఇదెలా తెలుస్తుంది?

అన్నిటికన్నా నాకు మంట ఎక్కడంటే, కొండదారిలో పూలబుట్టలు మోసే మోంగ్ జాతి పిల్లల్ని ఆపి, పక్కన నిలబెట్టి రీలు తీసి, చేతిలో నోటు పెట్టి పోవడం. వాళ్లెవరో తెలుసా? తెలుసుకోవాలనైనా ఉందా? హనోయ్‌లోనే జాతుల మ్యూజియం ఉంది, 1997లో తెరిచారు. దేశంలోని 54 జాతుల బతుకూ అక్కడ చూడొచ్చు. పెరట్లో నిజమైన ఇళ్లే నిలబెట్టారు: ఎదే వాళ్ల పొడుగిల్లు, తాయ్ వాళ్ల నిట్రాళ్ల ఇల్లు, చెక్క పలకలు కప్పిన మోంగుల ఇల్లు. మోంగ్ ఆడవాళ్లు గంజాయి జాతి మొక్క కాడల నుంచి నార ఒలిచి, పోగుకు పోగు అతికి, నేసి, కాచిన మైనంతో ముగ్గులు గీసి, నీలిమందులో ముంచుతారు. పావడా ఒక్కటి తయారవ్వాలంటే అంత పని. మీరు హ్యాండిల్ వదిలి వీడియో తీసుకునే ఆ కనుమ రోడ్డు కూడా 1959–65 మధ్య మోంగులూ తాయ్‌లూ ఇంకా ఎన్నో జాతుల యువకులు కొట్టిందే. మా పి లెంగ్ దగ్గర నడుముకు తాళ్లు కట్టుకుని, కొండచరియకు వేలాడుతూ, ఉలీ సుత్తీ పట్టి రాయి తొలిచారు. ఇది తెలియకుండా ‘రోడ్డును జయించాం’ అని స్టేటస్ పెడితే సిగ్గనిపించదా?

మరి ఎన్నాళ్లుండాలి అంటారా? అది మీ సెలవులను బట్టి. రెండు రోజులకు తక్కువైతే మాత్రం లాభం లేదు. టికెట్లు కొంటున్న తమ్ముళ్లూ, ఆ సీనియర్ మాట వినకండి. హనోయ్‌లో దిగాక బండి తాళాలు అడక్కండి, మొదటిరోజు మ్యూజియానికి వెళ్లండి.