నిశాని పక్కన రాసిందేంది?



సంచిలో పాత కాగితాలు పెట్టుకొని, సికింద్రాబాద్ స్టేషన్లో రైలు దిగి మనోళ్లు మా దగ్గరికి వస్తున్నరు. అందరి నోటా ఒకటే మాట: "సారూ, మా తాత బానిసనని రాసిచ్చిండట. భూమి ఊసెత్తొద్దంటున్నరు."

చూస్తే ఉర్దూ కాగితం. నిజాం కచేరీల్లో 1880ల దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ నడిచింది గదా. వేలిముద్ర కాడ 'అల్ అబ్ద్' అని ఉన్నది. అబ్ద్ అంటే దాసుడు, నిజమే. కానీ అది దేవుని దాసుడనని చెప్పుకునే వినయపు మాట. దస్తావేజు రాసిచ్చేవాడు ఎంత కలిగినోడైనా తన దస్కతు కాడ పెట్టే వాడుక అది. 'గవాహ్ షుద్' అంటే సాక్షి అయినాడని. ఇంతే! ఈ రెండు ముక్కలు తెలవక ఇండ్లకిండ్లు తలొంచుకున్నయంటే తప్పు మన తాతలదా, చదువు అందకుండ చేసినోళ్లదా?

కంటోన్మెంటు దిక్కు ఇంగ్లీషు కాగితాలు. నకల్లో పేరు ముందు 'ఎస్.డి.' అని, పక్కన గీత ఉంటే సంతకమే లేదని బుకాయిస్తరు. అబద్ధం. అసల్లో సంతకం ఉన్నదని నకలు రాసినాయన చెప్పే గుర్తు అది. 'ఎల్.టి.ఐ.' అంటే ఎడమచేతి బొటనవేలి ముద్ర. రాయరాని మనిషి పెట్టిన నిశాని కూడా సంతకమేనని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెప్తున్నది. 2001 సవరణ వచ్చినంక రిజిస్ట్రేషన్ ఆఫీసులో డిగ్రీలున్నోళ్లు కూడా వేలు ఒత్తాల్సిందే. వేలిముద్రగాళ్లని మనల్ని వెక్కిరించినోళ్లు ఇప్పుడేమంటరో!

అయితే అదే ముద్రను మన మీదికే తిప్పిన దొరలు తక్కువేం కాదు. తాగిచ్చి వేలు ఒత్తిచ్చుకున్న కథలు మీకు మేం చెప్పాల్నా? అందుకే ముద్ర ఒక్కటి చూసి ఆగొద్దు. రాసినోడెవడు, సాక్షులెవరు, చదివి వినిపించినట్టు రాసి ఉన్నదా, అన్నీ చూడాలె. రిజిస్టరైన కాగితమైతే ఆఫీసులో వేలిముద్రల పుస్తకం ఉంటది. పోల్చి చూడమని కోర్టును అడగొచ్చు. సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమైతే, ముద్ర నిజమైనదే అయినా అమ్మకం చెల్లదన్నది 1977 నాటి 9వ చట్టం. తర్వాత సవరణలొచ్చినయి, తెలంగాణలో ఒక తీరు, ఆంధ్రలో ఇంకో తీరు. తేదీలు చూసుకోవాలె.

ఇంకో మాట. అదే కాగితంలో దొర పేరు పక్కన 'గారు'. మనోడిదైతే 'మల్లిగాడి నిశాని'. పంతుళ్లం గదా, ఇది చదివినప్పుడల్లా మాకు కడుపు మండుతది. కాగితం మీద మన పేరు మనమే చెప్పాలని భాగ్యరెడ్డి వర్మ పట్టుబట్టినందుకే 1931 జనగణనలో నిజాం సర్కారు ఆది హిందువులని రాసుకున్నది.

పాత కాగితాలున్నోళ్లు నకలు తీయించుకొని రండి. అసలు మాత్రం ఎవరి చేతికీ ఇయ్యకుండ్రి, చదివిపెడతమంటున్న మాకు కూడా.